భూమి గుణము – నీటి దోషము
(మోకాళ్ళ నొప్పికి మూలము బోరుబావిలో ఉండవచ్చును)

నీరు తాను నిలిచిన నేల యొక్క గుణమును గ్రహించునని మన శాస్త్రకారులు నిశ్చయించినారు. సుశ్రుత సంహిత సూత్రస్థానమునందలి 45వ అధ్యాయము ద్రవద్రవ్యములను గూర్చినది. అందు మొదట విచారింపబడినది జలమే. ఆకాశము నుండి పడునపుడు నీటికి వ్యక్తమైన రసము లేదనియు, నేలను చేరిన పిమ్మట ఆ నేలను బట్టి దాని రుచియు గుణమును మారుననియు అచ్చటి తాత్పర్యము. చరక సంహిత విమానస్థానమునందలి జనపదోద్ధ్వంసనీయాధ్యాయములో గాలి, నీరు, దేశము, కాలము అను నాలుగింటిని పేర్కొని, ఇవి చెడినపుడు వయస్సు, ఆహారము, శరీర ప్రకృతి వేరువేరుగా ఉన్నవారికి సైతము ఒకే వ్యాధి కలుగునని చెప్పినారు.

ఈ మాటలకు నిదర్శనము కొరకు దూరము పోనక్కరలేదు. మన తెలుగుదేశమునందే ఊరికి ఊరు నడుము వంగి నడచిన పల్లెలు ఉన్నవి. ఆ వ్యాధి పేరు ఫ్లోరోసిస్. దానికి క్రిమి లేదు, అంటు లేదు, వంశదోషము లేదు. ఊరి క్రింద ఉన్న రాయియే దానికి మూలము.

రాతి నుండి నీటిలోనికి

దక్కను పీఠభూమిలో మన జిల్లాలు అనేకము నల్లరాతి మీద కూర్చున్నవి. శాస్త్రజ్ఞులు దీనిని గ్రానైట్ అందురు. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అభ్రకపు జాతికి చెందిన బయోటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్ అను ఖనిజములు ఈ రాతిలో కలిసి ఉండును. వీటన్నిటిలోను ఫ్లోరిన్ అను మూలకము ఎంతో కొంత ఉన్నది. వాన నీరు నేలలోనికి ఇంకి, రాతి బీటలలో ఏండ్ల తరబడి నిలిచి, ఈ ఖనిజములను కొద్దికొద్దిగా కరిగించుకొనును. ఆ విధముగా నీటిలో చేరిన ఫ్లోరిన్ రూపమునకే ఫ్లోరైడ్ అని పేరు.

అయితే గ్రానైట్ ఉన్న ప్రతి చోట ఈ బాధ లేదు. నీటిలో సున్నపు అంశము, అనగా కాల్షియము, సమృద్ధిగా ఉన్నచో అది ఫ్లోరైడుతో కలిసి గడ్డకట్టి అడుగునకు చేరును. అందుచేత ఫ్లోరైడ్ ఎక్కువ కరగలేదు. వర్షము తక్కువై ఎండ తీవ్రముగా ఉన్న ప్రాంతములలో ఇందుకు వ్యతిరేకముగా జరుగును. నేలలోని సున్నము తెల్లని సున్నపురాళ్ళుగా గడ్డకట్టి మట్టిలోనే నిలిచిపోవును. నీటిలో సున్నము తగ్గి, సోడా వంటి క్షారము పెరుగును. అట్టి నీటిలో ఫ్లోరైడ్ అడ్డులేకుండా కరుగును.

గృహిణులు ఇచ్చట ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. పప్పు త్వరగా ఉడికి, సబ్బు బాగుగా నురగ వచ్చి, గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టని నీటిని మనము మంచినీరని మెచ్చుకొందుము. సున్నము తక్కువై క్షారము ఎక్కువైన నీటి లక్షణములు కూడ ఇవియే. గ్రానైట్ ప్రాంతమున అట్టి నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండుటకు అవకాశము కలదు. అట్టి ప్రతి నీరు చెడ్డదని నేను చెప్పుట లేదు. పప్పు ఉడికినంత మాత్రమున నీరు పరీక్షలో నెగ్గినట్లు కాదని మాత్రమే చెప్పుచున్నాను. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నాలుక దానిని పట్టలేదు.

మొదట కనుగొన్నవారు

భారతదేశమున ఈ వ్యాధి మొదట గుర్తింపబడినది తెలుగు నేల మీదనే. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల రోగులను పరిశీలించి షార్ట్ మున్నగు వైద్యులు దీనిని వైద్య పత్రికలో ప్రకటించినారు. ఆ తాలూకాలు తరువాత 1970లో ఏర్పడిన కొత్త జిల్లాలో చేరినవి. దానికే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు వచ్చినది. వైద్యులకంటె ముందుగా రైతులు ఈ చెరుపును తమ ఎడ్లలో చూచినారని చెప్పుదురు. మోట తోలు ఎడ్లు కీళ్ళు పట్టుకొనిపోయి కుంటుచుండగా, వాటిని మార్చి కొత్త జతను తెచ్చినను కొన్నాళ్ళకు ఆ జతకు అదే గతి పట్టెడిది. పశువునకు మనుష్యుని వలె చింతలు లేవు, వ్యసనములు లేవు. అది కుంటుచున్నదనగా దాని మేతను, నీటిని చూడవలసినదే.

నల్గొండ జిల్లా పేరు ఈ విషయమున దేశమంతట వినబడినది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతములలో వంగిన వెన్నుతో, మడత పడని మోకాళ్ళతో ఉన్నవారి ఛాయాచిత్రములు పత్రికలలో అనేక పర్యాయములు వచ్చినవి. ఆ జిల్లా బావులలో కొన్నిట లీటరు నీటికి 20 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ ఉన్నట్లు పరిశోధకులు కొలిచినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన హద్దు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు. మన భారతీయ ప్రమాణము 1 మిల్లీగ్రాము దాటరాదనియు, వేరు నీరు దొరకని చోట మాత్రమే 1.5 వరకు అనుమతింపవచ్చుననియు చెప్పుచున్నది.

1970వ దశకమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అను పరిశోధకులు ఈ ప్రాంతపు యువకులలో మరియొక వికారమును వర్ణించినారు. మోకాళ్ళు రెండును లోపలికి ఒరిగి ఒకదానినొకటి తాకుచు, పాదములు ఎడమెడముగా పడుట దాని లక్షణము. నీటిలోని ఫ్లోరైడుతో పాటు ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినము అను లోహము అధికముగా ఉండుటయు, దాని వలన శరీరమున రాగి తగ్గుటయు ఇందుకు తోడ్పడియుండవచ్చునని వారు భావించినారు. ఇది చదివి జొన్నరొట్టెను దూషింపరాదు. నేల దోషము నీటి ద్వారమున మాత్రమే గాక ధాన్యము ద్వారమున కూడ మనుష్యుని చేరగలదని తెలిసికొనుటకు దీనిని చెప్పితిని.

నేలలో ఒక పదార్థము ఎక్కువైనపుడే గాక తక్కువైనపుడు కూడ రోగము కలుగును. హిమాలయ ప్రాంతములలో వానలు, మంచు నేలలోని అయోడిన్‌ను కడిగివేయుటచే గలగండము ప్రబలినది. శ్రీకాకుళమున జన్మించిన ఆచార్య వులిమిరి రామలింగస్వామి గారు కాంగ్రా లోయలో చేసిన కృషి ఈ సందర్భమున స్మరింపదగినది. ఉప్పులో అయోడిన్ చేర్చి గలగండమును అదుపు చేయవచ్చునని ఆ పరిశోధన వలన రుజువైనది. అచ్చట లేనిదానిని ఉప్పులో కలిపి ఇచ్చిన సరిపోయినది. ఇచ్చట ఉన్నదానిని తీసివేయవలసి వచ్చినది. తీసివేయుట మిక్కిలి కష్టము.

శరీరములో జరుగునది

ఫ్లోరైడ్ స్వభావముచే విషమని తలచరాదు. స్వల్ప మాత్రలో అది దంతముల పైపొరను గట్టిపరచును. మాత్ర మించినపుడే అపకారము. త్రాగిన ఫ్లోరైడులో అధిక భాగము జీర్ణాశయము, ప్రేవుల నుండి రక్తమున చేరును. పెద్దవారిలో సుమారు సగము మూత్రము ద్వారా వెడలిపోవును. మిగిలినది ఎముకలలో, దంతములలో నిలుచును. ఎదుగు పిల్లలలో నిలుచు భాగము ఇంకను ఎక్కువ. మూత్రపిండములు బలహీనమైనవారిలో బయటకు పోవలసినది పోక లోపలనే ఉండిపోవును.

పిల్లలకు సుమారు 8 సంవత్సరముల లోపున, శాశ్వత దంతములు చిగుళ్ళ లోపల రూపొందుచున్న కాలమున, ఫ్లోరైడ్ ఎక్కువైనచో పండ్ల మీద సుద్ద వంటి తెల్లని గీతలు, తరువాత పసుపు, గోధుమ రంగు చారలు అడ్డముగా ఏర్పడును. ఎంత తోమినను అవి పోవు. పెద్దవారు ఆ నీటిని త్రాగినను వారి పండ్లు మారవు, ఏలయన అవి అప్పటికే పూర్తిగా తయారైనవి. వారికి అపకారము ఎముకలలో జరుగును. ఎముక మందమగును. దాని అంచులలో కొత్త ముళ్ళు మొలచును. కీళ్ళను పట్టియుంచు స్నాయువులు సైతము ఎముక వలె గట్టిపడును. వెన్నెముక వెదురుబొంగు వలె వంగకుండ పోవును. మిక్కిలి ముదిరినపుడు వెన్నుపాము నొక్కుకొని కాళ్ళు పడిపోవుట కూడ కలదు.

ఆయుర్వేదమున అస్థి వాతమునకు ఆశ్రయమని చెప్పబడినది. అస్థి వృద్ధి చెందినపుడు అధ్యస్థి, అనగా ఉండవలసిన చోటు మీరి ఎముక మొలచుట, లక్షణమని వాగ్భటుడు పేర్కొన్నాడు. ఫ్లోరోసిస్ రోగి ఎక్స్‌రే చిత్రమును చూచినపుడెల్ల నాకు ఈ పదమే స్మరణకు వచ్చును.

రోగము ఇంత ముదురుటకు సామాన్యముగా అనేక సంవత్సరములు పట్టును. రోజుకు అన్ని విధముల కలిసి 6 మిల్లీగ్రాములు దాటినపుడే ఎముకలకు అపాయము ప్రారంభము కావచ్చుననియు, 14 మిల్లీగ్రాములకు అపాయము స్పష్టమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు లెక్క కట్టినారు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని నీడపట్టున కూర్చుండు ఉద్యోగి 2 లీటర్లు త్రాగినచో 6 మిల్లీగ్రాములు చేరును. అదే నీటిని ఎండలో పొలము పనిచేయు కూలి 5 లీటర్లు త్రాగును, అతనికి 15 చేరును. ఒకే బావి నీటితో ఒకరు కొద్ది నొప్పులతో నెట్టుకొని వచ్చుటకు, మరియొకరు మంచము పట్టుటకు ఈ లెక్కయే చాలవరకు కారణము.

వాతమని పొరబడుట

ఇప్పుడు అసలు విషయము. మెడ బిగుసుకొనుట, నడుము నొప్పి, ప్రొద్దున లేవగనే కీళ్ళు పట్టుట, వ్రేళ్ళలో తిమ్మిరి అను ఈ ఆరంభ లక్షణములు సంధివాతమును, ఆమవాతమును పోలియుండును. రోగి మహానారాయణ తైలము మర్దించుకొనును, యోగరాజ గుగ్గులు మ్రింగును, కొంత ఉపశమనము కలుగును. ఆ మందును మ్రింగుటకు త్రాగునది మాత్రము ఆ బోరు నీరే!

ఒక విశ్రాంత ఉపాధ్యాయుని కుటుంబము నా వద్దకు వచ్చినది. పట్టణము వెలుపల స్థలము కొని ఇల్లు కట్టుకొని, బోరు వేయించుకొని 14 సంవత్సరములైనది. భార్యాభర్తలకు ఇద్దరికిని మెడ, నడుము పట్టినవి. వయోధర్మమని వారు అనుకొన్నారు. తోడు వచ్చిన మనుమడిని, "నాయనా, ఏదీ, పళ్ళు చూపుము" అంటిని. ముందరి పండ్లన్నిటి మీద గోధుమ రంగు చారలున్నవి. ఆ బాలుడు పుట్టినది మొదలు తాతగారింటనే పెరిగినాడు. నగరమున నదీజలము త్రాగి పెరిగిన అతని పినతండ్రి కుమారుని పండ్లు తెల్లగా ఉన్నవట. నీటిని పరీక్షకు పంపగా లీటరుకు 3.6 మిల్లీగ్రాములని తేలినది. పెద్దల కీళ్ళ నొప్పికి కారణమును పిల్లల పండ్లలో వెదకవలెనని నేను నా శిష్యులకు చెప్పుచుందును.

ఇంటియందే చేసికొనదగిన మూడు పరీక్షలు కలవు. నిలబడి మోకాళ్ళు వంచకుండ పాదముల వ్రేళ్ళను తాకుట, గడ్డమును ఎదకు ఆనించుట, రెండు చేతులను తల వెనుకకు చాచి కలుపుట. వీటిని చేయలేకున్న అది ఫ్లోరోసిస్ అనియే అర్థము కాదు. కాని ఇంటిలో ఇద్దరు ముగ్గురు చేయలేకపోయి, పిల్లల పండ్లకు చారలు కూడ ఉన్నచో నీటిని అనుమానింపవలెను. ఎక్స్‌రే, మూత్రములో ఫ్లోరైడ్ పరీక్ష వలన నిర్ణయము కలుగును.

పనికిరాని ఉపాయములు

కాచి చల్లార్చిన నీరు క్షేమమని అనేకులు వ్రాయుచున్నారు. కాచుట వలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 10 లీటర్ల నీటిని 8 లీటర్లగునట్లు మరగించినచో అది 2.5 అగును. కతక బీజము, అనగా చిల్లగింజ, బురదను అడుగంటించుటలో సాటిలేనిది. సుశ్రుతుడు సైతము దానిని చెప్పినాడు. కాని కరిగి ఉన్న ఫ్లోరైడును అది తీయజాలదు. రాగి చెంబు, తులసి దళము, గుడ్డ వడపోత, కొవ్వొత్తి ఫిల్టరు, వీటిపై ఈ విషయమున ఆధారపడరాదు. ఇవి వేరు ప్రయోజనములకు మంచివి.

పటిక, సున్నము, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును తీయు పద్ధతికి నల్గొండ పద్ధతి అని పేరు. నాగపూరులోని నీరి సంస్థ దీనిని 1970వ దశకమున రూపొందించినది. పద్ధతి మంచిదే గాని పటిక ఎంత వేయవలెనో నీటిలోని ఫ్లోరైడును, క్షారమును కొలిచి నిర్ణయించవలెను. వంటింటిలో చిటికెల లెక్కన వేసినచో ఫ్లోరైడ్ పోకపోగా అల్యూమినియము మిగులును. ఆర్.ఓ. యంత్రము, ఉత్తేజిత అల్యూమినా వడపోత ఫ్లోరైడును తగ్గించును. యంత్రము కొన్నవారు సైతము అది పనిచేయుచున్నదో లేదో సంవత్సరమునకు ఒకసారియైనను నీటిని పరీక్షింపజేసి చూడవలెను.

చేయవలసినది

ఆయుర్వేద చికిత్సలో మొదటి మెట్టు నిదాన పరివర్జనము, అనగా కారణమును విడుచుట. ఫ్లోరోసిస్‌లో మొదటి మెట్టే గాక ముఖ్యమైన మెట్టు కూడ అదియే. ఒకసారి వంగి గట్టిపడిన వెన్నును నిటారుగా చేయు మందు ఏ వైద్యమునను లేదు. ఉన్నదని చెప్పి భస్మములు అమ్మువారిని నమ్మరాదు. ఆరంభ దశలో నీరు మార్చినచో నొప్పులు, ఉదర బాధలు క్రమముగా తగ్గుట కలదు.

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము క్రింద నల్గొండ పల్లెలకు కృష్ణా జలము కుళాయిల ద్వారా వచ్చినది. కుళాయి నీరు వచ్చు ఇంట త్రాగుటకు, వంటకు దానినే వాడవలెను. ఈ రెండవ మాట ముఖ్యము. అన్నము, పప్పు, పులుసు బోరు నీటితో వండి, త్రాగుటకు మాత్రము మంచినీరు తెచ్చుకొనుట సగము పథ్యమే. స్నానమునకు, బట్టలు ఉతుకుటకు బోరు నీటిని నిర్భయముగా వాడవచ్చును. సొంత బోరు గలవారు గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకొనవలెను. ప్రక్క ఇంటి ఫలితము మన బోరుకు వర్తింపదు. రాతి బీట మారినచో నీరు మారును. బోరును మరింత లోతుగా దించినపుడు మరల పరీక్షింపవలెను.

ఆహారమున పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు సమృద్ధిగా ఉండవలెను. వీటిలోని కాల్షియము జీర్ణాశయముననే ఫ్లోరైడును కొంత పట్టివేయును. ఉసిరి, జామ, నిమ్మ వాడుట మంచిది. చింతపండు విషయమున ఒక విశేషము కలదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బాలురకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూడగా మూత్రము ద్వారా ఫ్లోరైడ్ వెడలుట పెరిగినదని 2002లో ప్రకటించినారు. పండిన చింత వాతకఫహరమని మన నిఘంటువులు చెప్పుచున్నవి. మన పచ్చిపులుసు, చారు ఈ విధముగా ఉపకరించును. ఆమ్లపిత్తము కలవారు మితముగా వాడవలెను. చెడ్డ నీటిని త్రాగుచు చింతపండుతో సరిపెట్టుకొందమనుట మాత్రము కుదరదు.

తగ్గించవలసినవి కూడ కలవు. టీ మొక్క నేలలోని ఫ్లోరైడును విశేషముగా పీల్చి ఆకులో దాచును, కావున చిక్కని టీ పలుమారులు త్రాగరాదు. చూర్ణములలోను, చాట్‌లలోను వాడు నల్ల ఉప్పులో ఫ్లోరైడ్ ఎక్కువ. మన వైద్యులము రుచి కొరకు, జీర్ణము కొరకు దీనిని ధారాళముగా వ్రాయుదుము. ఫ్లోరోసిస్ ప్రాంతపు రోగులకు అట్లు వ్రాయరాదని నా అభిప్రాయము. చిన్నపిల్లలు ఫ్లోరైడ్ టూత్‌పేస్టును మ్రింగకుండ చూడవలెను.

పశువుల మాట మరువరాదు. ఇంటిలోనికి కుళాయి వచ్చినను కొట్టములోని తొట్టికి ఇంకను బోరు నీరే పోయుచున్న ఇండ్లు కలవు. పెద్ద పశువు రోజుకు 40 లీటర్లకు పైగా త్రాగును. దాని పండ్లు గోధుమ రంగు తిరిగి అరిగిపోవును, మేత నమలలేక చిక్కిపోవును, కాళ్ళ ఎముకల మీద బొడిపెలు లేచి కుంటును. పాలలోనికి ఫ్లోరైడ్ వచ్చుట స్వల్పము, కనుక పిల్లలకు ఆ పాలు మానిపించనక్కరలేదు. లేగదూడలకు, చూలు పశువులకైనను మంచినీరు పెట్టవలెను. ఆర్.ఓ. యంత్రము విడిచిపెట్టు నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడి ఉండును. వృథా చేయుట ఎందుకని దానిని కుడితి తొట్టిలో పోయుట, పక్షులకు పెట్టుట తగదు. దానిని నేల కడుగుటకు వాడుకొనవచ్చును.

కుళాయి రాని చోట వాన నీటిని మించిన నీరు లేదు. అది రాతిని తాకలేదు. సుశ్రుతుడు ఆంతరిక్ష జలమును శ్రేష్ఠమని చెప్పి, ఆశ్వయుజ మాసపు వానను విశేషముగా గ్రహింపుమన్నాడు. వెండి పాత్రలో వరి అన్నపు ముద్దను ఉంచి వానలో పెట్టి, ముద్ద రంగు మారనిచో ఆ నీరు గ్రాహ్యమని పరీక్షను కూడ చెప్పినాడు. మన కాలమున మిద్దె మీద చేరిన ధూళి, రెట్టలు పోవునట్లు మొదటి రెండు మూడు వానలను విడిచి, తరువాతి వానలను గొట్టము ద్వారా ఇసుక, బొగ్గు వడపోత గుండా సిమెంటు తొట్టిలోనికి పట్టి, వెలుతురు సోకకుండ మూత వేయవలెను. ఆ నీటిని కాచి త్రాగవలెను. నలుగురున్న ఇంటికి త్రాగుటకు, వంటకు రోజుకు 20 లీటర్ల చొప్పున 6 నెలలకు సుమారు 3,600 లీటర్లు కావలెను. తొట్టి కట్టించువారు తాపీమేస్త్రికి ఈ కొలతను ముందుగా చెప్పవలెను.